మరచిన తాళపుమాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథపఠన మహిమను గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఆ పని నాకంటె చక్కగా చేయగలవారు ఈ వేదికమీద పలువురున్నారు. నేను లెక్కలు వ్రాయువాడను. పెట్టెను తెరచుట, అందున్న దానిని పుస్తకములోని లెక్కతో సరిచూచుట, తిరిగి తాళము వేసి తాళపుచెవి ఎవరికి అప్పగించితినో వ్రాసికొనుట, ఇదియే నా వృత్తి. కావున కార్యదర్శిగారు నన్ను నాలుగు మాటలు చెప్పుమనగా, గడచిన వేసవిలో మన గ్రంథాలయపు ల్యాప్‌టాపు తెరచుకొనక మొరాయించిన సంగతియు, అది మరల మన చేతికి వచ్చిన విధమును చెప్పెదనంటిని. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని మన సంస్థ మరి యిరువదియైదేండ్లు నిలువవలెనన్నచో తెలిసికొనవలసిన నీతి యొకటి ఇందులో నున్నది.

ముందుగా ఆ యంత్రములో ఏమున్నదో చెప్పెదను. అది తెలియనిదే దానికొరకు మేము పడిన ఆరాటము మీకు అర్థము కాదు. అది క్రొత్త యంత్రము కాదు. పొట్టకూటికై బెంగళూరు చేరిన మన యూరి పిల్లలు తలా కొంత వేసికొని, ఒక కార్యాలయము వాడి విడిచిన ల్యాప్‌టాపును కొని మనకు పంపినారు. అప్పట్లో గ్రంథాలయమును చూచుకొనుచుండిన యువకుడు, జీతము బత్తెము లేకుండ రెండేండ్లు సేవచేసినవాడు, మన మూడువేల పైచిలుకు పుస్తకముల పట్టికను అందులో నెక్కించెను. అంతటితో ఊరకుండక, కపిలపాటలు పాడగల వృద్ధులను వెదకి, వారి పాటలను వారి కంఠములతోనే అందులో భద్రపరచెను.

కపిల యన నేమో నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము వెళ్లబుచ్చు సీమ మనది. చేనికి వాన, మడికి బావి, ఇదే మన పెద్దల సేద్యము. బావిలోని నీటిని తోలుసంచితో పైకి లాగుటకు ఎద్దులు ఏటవాలు బాటలో దిగునప్పుడు, మోకుమీద కూర్చుండి తోలరి పాడు పాట కపిలపాట. బోరుబావులు వచ్చెను, కపిలలు పోయెను. పాట మాత్రము నలుగురైదుగురు వృద్ధుల నోట మిగిలెను. మన యువకునికి పాటలు పాడి వినిపించిన వారిలో ఇద్దరు ఈ రెండేండ్లలో గతించిరి. వారి కంఠస్వరము ఆ యొక్క యంత్రమున తప్ప లోకములో మరెక్కడను లేదు.

ఆ యువకునికి బెంగళూరున ఉద్యోగము దొరకినది. పోవునప్పుడు యంత్రమును బీరువాలో భద్రముగా పెట్టి పోయెను. ఈ సంచిక కొరకు పుస్తకముల పట్టిక కావలసివచ్చి కార్యవర్గము దానిని వెలికితీసెను. తెర వెలిగినది, పాస్‌వర్డు అడిగినది. ఫోను చేయగా ఆతడు, “మామా, పోయేముందే కొత్తది పెట్టినాను. ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు” అనెను. ఇందు ఆతనిని నిందింప పనిలేదు. దినదినము వాడని మాటను మనస్సు దాచియుంచదు.

ఇక ఊరిలో తలకొక యుపాయము బయలుదేరినది. ఆంజనేయస్వామి పేరు కొట్టుమని యొకరు, ఆతని చిన్ననాటి పేరు కొట్టుమని యొకరు, ఒకటి నుండి ఎనిమిది వరకు వరుసగా కొట్టుమని మరియొకరు. లెక్కలవాడను గనుక నేనొక లెక్క చెప్పితిని. నాలుగంకెల సంఖ్యయైనచో 10,000 విధములు. ఆంగ్లములోని చిన్న అక్షరములు మాత్రమే ఎనిమిది కూర్చినచో 20,882 కోట్లకు పైబడిన విధములు. పెద్ద అక్షరములును అంకెలును కలిసినచో ఆ సంఖ్యను పలుకుటయే కష్టము. ఊహతో తాళము తీయబూనుట, ఎండిన చెరువులో వలవేయుట వంటిది.

తరువాత యంత్రమును పట్టణములోని యొక మరమ్మతు దుకాణమునకు పంపితిమి. వారు “ఫార్మాటు కొడితే అరగంట పని” అనిరి. ఫార్మాటనగా లోనున్న దంతయు తుడిచివేసి యంత్రమును క్రొత్తదానివలె చేయుట. అనగా పుస్తకముల పట్టికయు పోవును, గతించిన వృద్ధుల పాటలును పోవును. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు! మేము వలదంటిమి. కాని అప్పటికే వారు పెన్‌డ్రైవు నుండి యంత్రమును నడపుటకై మొదటి అమరికలను మార్చియుండిరి. దానితో పూర్వమడుగు ప్రశ్న పోయి, నీలితెరమీద క్రొత్త ప్రశ్న వచ్చినది. అది 48 అంకెల తాళపుసంఖ్య కావలెననెను. ఒక తాళమునకు రెండు తాళములైనవి.

ఇది యేల జరిగినదో తెలిసికొనుటకు, ఇట్టి యంత్రమును మూడు తాళములున్న యిల్లుగా భావింపుడు.

మొదటిది వీధివాకిలి. దీనిని బయాస్ అందురు. మీట నొక్కగనే యంత్రము మేల్కొనుట, ఏ భాగమునుండి పని నారంభింపవలెనో నిర్ణయించుకొనుట ఇక్కడ జరుగును. దీనికిని పాస్‌వర్డు పెట్టుకొనవచ్చును. అది మరచినచో పాత బల్లకంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీని తీసి పెట్టిన సరిపోయెడిది. కార్యాలయములకై చేసిన ల్యాప్‌టాపులలో పెక్కింటికి ఆ చిట్కా పనిచేయదు. కొన్న రసీదు చూపి తయారుదారుల సేవాకేంద్రమునే ఆశ్రయింపవలెను. కొన్నిటికి లోపలి ప్రధాన ఫలకమునే మార్చవలసివచ్చును.

రెండవది గది తలుపు. విండోస్ వంటి ఏర్పాటులోనికి ప్రవేశించుటకు అడుగు పాస్‌వర్డు ఇదే. సామాన్యముగా జనులు మరచునది దీనినే.

మూడవది గదిలోని ఇనుపపెట్టె. మైక్రోసాఫ్ట్ వారు దీనికి బిట్‌లాకర్ అని పేరుపెట్టినారు. ఇది కేవలము మూత కాదు. పెట్టెలోని వ్రాత యంతయు చదువరాని లిపిలోనికి మారియుండును. మా నాయనగారు 1984లో ఈ రాష్ట్రమున కరణీకములు రద్దగువరకు కరణముగా నుండిరి. ఆయన గొలుసుకట్టు వ్రాత, కలము ఎత్తక అక్షరమునకు అక్షరము ముడివేసి వ్రాయు వ్రాత, మా యింటిలో నేను తప్ప మరెవ్వరును చదువలేరు. దస్త్రము చేతిలోనున్నను చదువు పద్ధతి తెలియనివానికి అది లేనట్టే గదా! బిట్‌లాకర్ చేయు పనియు నట్టిదే. కాని గొలుసుకట్టును పట్టుదలతో నేర్చికొనవచ్చును, దీనిని తాళపుసంఖ్య లేక యెవ్వరును చదువలేరు. ఇప్పుడు చాల యంత్రములలో ఈ యేర్పాటు యజమాని అడుగకయే అమలగుచున్నది. 2024లో వచ్చిన విండోస్ 11 రూపాంతరమునుండి ఇది మరిన్ని యంత్రములకు వ్యాపించినది.

వీధివాకిలి అమరికను ఎవరైన మార్చినచో ఇనుపపెట్టె శంకించును. ‘వీధిలో ఎవరో గడియ కదలించుచున్నారు, దొంగ కావచ్చును’ అని తలచి, 48 అంకెలు చెప్పిననే కాని తెరువననును. మన యంత్రమునకు జరిగిన దిదియే. అది చెడిపోలేదు. తన ధర్మమును తాను నెరవేర్చినది.

మరి యంత్రమును చేసిన కంపెనీవారు పాస్‌వర్డు చెప్పరాదా యని యొక పెద్దమనిషి నన్నడిగెను. చెప్పలేరు. ఏలనో వినుడు. కంప్యూటరులో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పాస్‌వర్డు పెట్టు పద్ధతి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ఫెర్నాండో కోర్బటో అను పండితుని ఆధ్వర్యమున 1961లో ఆరంభమైన యంత్రమునుండి ప్రసిద్ధికి వచ్చినది. పలువురు ఒకే యంత్రమును పంచుకొనుచుండుటచే ఎవరి కాగితములు వారికి దక్కుటకు ఈ యేర్పాటు చేసిరి. కాని పాస్‌వర్డులన్నియు ఉన్నవి యున్నట్లే ఒక జాబితాలో నుండెడివి. 1966లో ఒకనాడు రెండు కాగితములు తారుమారై, లోనికి వచ్చిన ప్రతివానికి స్వాగతవచనమునకు బదులు అందరి పాస్‌వర్డుల జాబితాయే కనబడినది! ఆ దశకములోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోజర్ నీధమ్ మొదలగువారు దీనికి విరుగుడు కనిపెట్టిరి. పాస్‌వర్డును దాచకుండ, దానిని గానుగ నాడించి వచ్చిన నూనెను మాత్రమే దాచవలెను. రేపు మీరు మరల పాస్‌వర్డు కొట్టినప్పుడు దానిని కూడ అదే గానుగలో వేసి, రెండు నూనెలు ఒకటేనా యని చూతురు. వేరుసెనగనుండి నూనె వచ్చును గాని నూనెనుండి వేరుసెనగ రాదు. కావున మరచిన పాస్‌వర్డును తిరిగి చెప్పువారెవ్వరును లేరు. ‘నీవే యజమానివి’ అని రుజువు చూపినచో పాతదానిని రద్దుచేసి క్రొత్తది పెట్టుకొననిత్తురు. అంతియే.

ఈ రుజువు అనుమాట గమనింపవలసినది. మన పనియంతయు ఇక్కడనే తిరిగినది. ఆ యువకుడు యంత్రమును తన స్వంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరచియుండెను. ఖాతా పాస్‌వర్డు మార్చుటకు ఒక రహస్య సంకేతము ఆతని ఫోనుకు వచ్చును. కాని బెంగళూరు పోయినప్పుడు ఆతడు క్రొత్త సిమ్ము తీసికొని, పాతదానికి డబ్బు కట్టుట మానెను. మన దేశములో తొంబది దినములు వాడకుండ, నిలువ లేకుండ నుండిన ముందస్తు చెల్లింపు సంఖ్య రద్దగుటయు, కొంత కాలమునకు మరియొకరికి పోవుటయు కలదు. “మామా, ఆ నెంబరు ఇప్పుడు నాది కాదు” అని ఆతడు చెప్పినప్పుడు మాకు కాళ్లు చల్లబడెను. అయిన నొక ఆధారము మిగిలినది. డిగ్రీ చదువునాటి ఈమెయిలు చిరునామా నొకదానిని ఆతడు రెండవ సాక్షిగా వ్రాయించియుండెను. ఆతని పాత ఫోనులో అది యింకను తెరచియున్నది. సంకేతము దానికి వచ్చినది. ఆతడు తన చేతితోనే క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనెను.

ఇప్పుడు గది తలుపునకు తాళపుచెవి దొరకినది. ఇనుపపెట్టె మాట యేమి? ఖాతాతో తెరచిన యంత్రమైనచో ఆ 48 అంకెలు చాలవరకు ఖాతాలోనే భద్రమైయుండును. నీలితెరమీద తాళపుసంఖ్యకు ఒక గుర్తు కనబడును. ఖాతాలో అదే గుర్తుగల సంఖ్యను వెదకవలెను. ఆతడు వెదకగా గుర్తు సరిపోయినది. ఆతడు బెంగళూరునుండి ఫోనులో చదువగా, నేనిక్కడ చిట్టాపుస్తకములో వ్రాసికొంటిని.

ఈ 48 అంకెలలో లెక్కలవానికి ముచ్చట గొలుపు నేర్పు ఒకటి కలదు. అవి ఆరేసి యంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా నుండును. ప్రతి గుంపును 11 చేత భాగించినచో శేషము మిగులకూడదు. ఉదాహరణకు 135795 అను సంఖ్యను తీసికొనుడు. 11 చేత భాగింపగా 12345 వచ్చును, శేషము సున్న. ఇందులో ఒక్క అంకె మారి 135785 అయినను, చివరి రెండంకెలు తారుమారై 135759 అయినను, భాగహారము తెగదు. తప్పు వ్రాసినవానిని ఆ సంఖ్యయే పట్టియిచ్చును. మన పెద్దలు అడ్డముకూడిక, నిలువుకూడిక వేసి సరిచూచుకొనునట్లే ఆ యంత్రము చేసినవారును సరిచూపును సంఖ్యలోనే కుదిర్చినారు. యంత్రములో కొట్టుటకు ముందే నేను కాగితముమీద ఎనిమిది గుంపులను భాగించితిని. ఏడు తెగినవి. ఐదవ గుంపు తెగలేదు. “నాయనా, ఐదవది మరల చదువు” అంటిని. గాలికి మాట తెగి రెండంకెలు ముందువెనుకలైనవి. సరిచేయగా అదియు తెగినది.

అంకెలు కొట్టితిమి, నీలితెర తొలగినది. గది తలుపు కనబడినది. క్రొత్త పాస్‌వర్డు ఖాతాలో మారినను యంత్రమునకు ఆ వార్త తెలియవలెను గదా. అందుకై ఒక విద్యార్థిని ఫోనునుండి ఇంటర్‌నెట్టు అందించి, పాస్‌వర్డు కొట్టితిమి. తెరచుకొన్నది. దుకాణమున మార్చిన అమరికను కూడ మొదటివలె చేయించితిమి. లేనిచో మరల శంకించి 48 అంకెలు అడిగెడిది.

అప్పుడు మేము పుస్తకముల పట్టిక మాట మరచితిమి. గతించిన వృద్ధులలో ఒకరి మనుమరాలు అక్కడనే యుండెను. తాత పాట వినిపింపుమనెను. వినిపించితిమి. పాట నడుమ ఎద్దును పేరుపెట్టి అదలించు మాట కూడ పట్టుబడియున్నది. ఆ బాలిక ఆ ఎద్దు పేరు ఇంటిలో వినియున్నదట. గదిలో ఎవ్వరును కొంతసేపు మాటాడలేదు.

మహాశయులారా, మనకు మేలే జరిగినది. కాని ఈ మేలు ఎంత సన్నని దారముమీద వ్రేలాడినదో తలచుకొనుడు. ఆ యువకుని పాత ఈమెయిలు మూసికొనిపోయినచో? మనము దుకాణమువారి మాట వినియుండినచో? లోకములో ఇట్టివి రెండు విధములుగను ముగిసినవి. నార్వే దేశమున ఐవార్ ఆసెన్ పేర నొక భాషా సంస్కృతి కేంద్రమున్నది. డ్యూపెడాల్ అను ఆచార్యుడు సేకరించిన గ్రంథముల పట్టిక అచట కంప్యూటరులో నుండెను. దాని పాస్‌వర్డు తెలిసినవారు మరణించుటచే వేలకొలది గ్రంథముల పట్టిక మూతబడినది. 2002లో ఆ కేంద్రమువారు సిగ్గుపడక లోకమునంతటిని సహాయమడిగిరి. త్వరలోనే జవాబు వచ్చినది. పాస్‌వర్డు మరేదియు కాదు, ఆ యాచార్యుని ఇంటిపేరును వెనుకనుండి ముందుకు వ్రాసినది! తాళము బలహీనమగుటచే వారు బ్రతికిరి. దీనికి విరుద్ధమైన కథ 2021 జనవరిలో పత్రికల కెక్కినది. అమెరికాలో ఒక సాఫ్ట్‌వేరు నిపుణుడు 7,002 బిట్‌కాయిన్లను, ఆనాటి వెల సుమారు 22 కోట్ల డాలర్లను, తెరువగల తాళపుచెవిని ఒక చిన్న భద్రసాధనములో దాచి, దాని పాస్‌వర్డు వ్రాసిన కాగితమును పోగొట్టుకొనెను. పదిమారులు తప్పినచో అది శాశ్వతముగా మూసికొనును. అప్పటికి ఎనిమిది మారులు తప్పినవి. నేటి తాళములు ఈ రెండవ రకమునకు చెందినవి. గట్టి తాళము దొంగను ఎట్లు ఆపునో, మరచిన యజమానిని కూడ అట్లే ఆపును.

మరి మందేమి? మందు మన సీమ చరిత్రలోనే యున్నది. పూర్వము గ్రామ కరణములయొద్ద కవిలెలుండెడివి. ఊరు పుట్టుక, చెరువు కట్టిన విధము, మాన్యముల వివరములు వానిలోనుండెడివి. 1800లో ఈ దత్తమండలములు కుంపిణీ పాలనలోనికి వచ్చినవి. ఆ కాలమున కాలిన్ మెకంజీ దొర, కావలి సోదరులు మున్నగు తెలుగువారి సహాయముతో ఊరూరి వృత్తాంతములను వ్రాయించెను. అవియే కైఫియతులు. దొర 1821లో మరణించెను. తరువాత బ్రౌను దొర ఆ వ్రాతలకు మరల ప్రతులెత్తించెను. అసలు కవిలెలు చాలవరకు చెదలకును, వానలకును, ఇంటివారి యేమరుపాటునకును బలియైనవి. నేడు మన గ్రామముల పూర్వకథలు మనకు తెలియుచున్నవన్నచో అది ప్రతుల పుణ్యము. కవిలె కరణముయొక్క యింట నొక్కచోటనే యుండుట దాని బలము కాదు, బలహీనత. గ్రామమునకు చెందిన సంగతి ఒక్క మనిషి పెట్టెలోను, ఒక్క మనిషి వ్రాతలోను, ఒక్క మనిషి మనస్సులోను ఉండరాదు. కరణము కొడుకునై ఈ మాట చెప్పుచున్నాను.

ఇక పాత యంత్రములు కొనదలచిన మన పిల్లల కొరకు కొన్ని మాటలు. బెంగళూరున సదర్ పత్రప్ప వీథిలోను, సికిందరాబాదున చెనాయ్ ట్రేడ్ సెంటరులోను ఇట్టి వస్తువుల వ్యాపారము విరివిగా సాగును. విండోస్ 10కు సామాన్య సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములలో కొన్ని విండోస్ 11కు తగవు. తగునో లేదో ముందే విచారింపుడు. తగనిచో ఉచితముగా లభించు లినక్సు ఏర్పాటుతో చదువు వ్రాతలకు వాడుకొనవచ్చును. యంత్రము క్రమసంఖ్యతో కూడిన రసీదు తప్పక తీసికొనుడు. ఎద్దును కొనువాడు సంతలోనే నడిపించి చూచునట్లు, యంత్రమును మీ యెదుటనే వెలిగించి, మొదటి స్థితికి తెప్పించి, మీ పేరుతో తెరచి చూడుడు. వెలిగింపగనే ఏదైన కంపెనీ పేరు కనబడి ఆ కంపెనీ ఉద్యోగిగా ప్రవేశింపుమనినచో, ఆ యంత్రము ఇంకను ఆ కంపెనీ లెక్కలోనే యున్నదన్నమాట. దానిని వెనుకకిచ్చివేయుటయే మర్యాద. తాళము తీయు విద్య కంసాలి సుత్తి వంటిది. తన యింటి పెట్టెపై పడినచో మరమ్మతు, పరుని యింటి పెట్టెపై పడినచో నేరము. పాత యజమాని ఫోటోలు, ఉత్తరములు అందులో మిగిలియున్నచో వానిని చూచుట కూడ తగదు, తుడిచివేయవలెను. అట్లే మీరు అమ్మునప్పుడు మీవి తుడిచి, మీ ఖాతానుండి ఆ యంత్రమును తొలగించి యమ్ముడు.

పాస్‌వర్డు మరచినవానిని వంచించువారును కలరు. కంపెనీ తరపున మాటాడుచున్నామని తమంతట తామే ఫోను చేయువారిని నమ్మకుడు. మీ ఫోనుకు వచ్చిన రహస్య సంకేతమును ఎవ్వరికిని చెప్పకుడు. మన యువకుడు కూడ దానిని నాకు చెప్పలేదు. తానే కొట్టుకొనెను. అదియే పద్ధతి. మోసపోయి డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయుడు.

కడపటగా, ఈ యనుభవము పిమ్మట మన కార్యవర్గము అంగీకరించిన నియమములను సభకు నివేదించుచున్నాను.

ఒకటి. యంత్రము గ్రంథాలయము పేరిటి ఖాతాతోనే నడచును. వ్యక్తి ఖాతాతో నడువదు. అధికారముగల రెండవ ఖాతా అధ్యక్షులయొద్ద నుండును.

రెండు. ఆ 48 అంకెలు రెండు కాగితములపై వ్రాసి, ముద్రవేసిన కవరులలో, ఒకటి గ్రంథాలయపు ఇనుపపెట్టెలోను, మరియొకటి అధ్యక్షుల యింటిలోను ఉంచబడును. యంత్రము సంచిలో ఆ కాగితము ఉంచరాదు. తాళపుచెవిని తాళముననే వ్రేలాడదీసిన నేమి ప్రయోజనము?

మూడు. పాటలకును పట్టికకును మూడు ప్రతులుండును. యంత్రములో నొకటి, విడి డిస్కులో నొకటి, ఊరికి వెలుపల నొకటి. ఆ మూడవ ప్రతి ఇప్పటికే బెంగళూరున నున్న మన పిల్లలకు పంపబడినది.

నాలుగు. ఖాతాకు వ్రాయించిన ఫోనుసంఖ్యయు, ఈమెయిలును బ్రతికియున్నవో లేవో ఏటేట ఉగాదినాడు పరీక్షింపబడును. పంచాంగశ్రవణమైన వెంటనే ఈ పని జరుగును.

ఐదు. గ్రంథాలయమును చూచుకొనువారు మారినప్పుడు బీరువా తాళపుచెవులతోపాటు పాస్‌వర్డులును అప్పగింత పట్టీలో చేరును. క్రొత్తగా వచ్చినవారు అందరి యెదుట యంత్రమును ఒకమారు తెరచి చూపి, సంతకము చేయుదురు. ఆ మరుక్షణమే పాస్‌వర్డు మార్చుకొందురు.

పాస్‌వర్డు ఎట్టిది పెట్టవలెనని కొందరడిగిరి. వంకరటింకర గుర్తులకంటె పొడవు ముఖ్యము. అమెరికా ప్రమాణముల సంస్థవారు 2017లోనే ఈ మాట చెప్పిరి. ఊరకయే నెలనెల మార్చుమని బలవంతపెట్టవలదనియు చెప్పిరి. ఒకదానితో నొకటి పొత్తులేని నాలుగైదు తెలుగు మాటలు చాలును. అందరికి తెలిసిన పద్యపాదమును, ఇంటిపేరును, పుట్టిన తేదీని మాత్రము పెట్టకుడు. నార్వే కథ విన్నారు గదా!

కరణము పెట్టెకు తాళముండెడిది. అది మంచిదే. తాళము లేని పెట్టె సంతలో మూట. కాని ఆ తాళపుచెవి ఊరిదని కరణమును, ఊరును మరచినప్పుడు దస్త్రములు నశించినవి. మన గ్రంథాలయపు తాళపుచెవి ఏ యొక్కరిది కాదు. అది చందా కట్టిన ప్రతివానిది, రేపు చందా కట్టబోవు పసివానిది. దానిని భద్రముగా చేతులు మార్చుచు పోవుటయే ముందున్న యిరువదియైదేండ్లలో మన పని.

ఆ కపిలపాటలను ఇకపై ప్రతి యాదివారము సాయంకాలము పఠనమందిరములో వినిపింతుము. వృద్ధులు రండు, పిల్లలను వెంటబెట్టుకొని రండు. పాటలో మరచిన చరణములు తెలిసినవారు ఎవరైన మిగిలియున్నచో వచ్చి చెప్పుడు, వ్రాసికొందుము.